మంచినీటి ఆల్చిప్పలు : ఋతువులు, సంతానం

(పాఠశాల ప్లాటినం జూబిలీ ఉత్సవాలలో భాగంగా జరిగిన విజ్ఞాన సభలో చేసిన ప్రసంగ పాఠం)



డెబ్బయి అయిదేళ్ళ పండుగ నాడు ప్రసంగానికి ఎన్నుకున్న విషయం చెరువు అడుగున బురదలో బ్రతికే ఒక చిన్న ప్రాణి అని తెలిసినప్పుడు కొందరికి ఆశ్చర్యం కలగవచ్చు. కాని ఆల్చిప్పను చూడనివారు ఈ సభలో ఉండరు. అది ఎలా పుడుతుందో, ఎప్పుడు పుడుతుందో తెలిసినవారు మాత్రం చాలా తక్కువ. ప్రతివారూ చూసిన వస్తువు గురించి ఎవరికీ తెలియని సంగతి చెప్పుకోవడమే విజ్ఞాన సభకు తగిన పని.

ఒకప్పుడు తెలుగువారి వంటింట్లో ఆల్చిప్ప ఒక పనిముట్టు. దాన్ని గరుకు రాతిమీద అరగదీసి, పదునెక్కిన అంచుతో మాగాయకు మామిడికాయల చెక్కు తీసేవారు. గుల్లలను కాల్చి సున్నం చేసేవారు. గుల్లసున్నంతో కట్టిన గోడలు, మిద్దెలు ఇప్పటికీ కొన్ని ఊళ్ళలో చెక్కుచెదరకుండా నిలిచి ఉన్నాయి. ఒడిశాలోనూ బెంగాలులోనూ దాని మాంసాన్ని ఆహారంగా తినేవారు ఉన్నారు. కవులకైతే ఆల్చిప్ప అనగానే స్వాతి కార్తె గుర్తుకు వస్తుంది. స్వాతి వానచినుకు చిప్పలో పడితే ముత్యమవుతుందన్నది మన సాహిత్యంలో తరతరాలుగా వస్తున్న భావన.

ముత్యం చినుకువల్ల పుట్టదని నేటి విద్యార్థులకు తెలుసు. చిప్ప లోపలి పొరను ప్రావారం అంటారు. గాయం వల్లనో, పరాయి పదార్థం చేరడం వల్లనో ఆ పొరలోని కొన్ని కణాలు లోపలికి జరిగితే, వాటి చుట్టూ పొరమీద పొరగా స్రవించే పదార్థం గట్టిపడి ముత్యమవుతుంది. అయినా పూర్వుల ఊహను పూర్తిగా కొట్టిపారేయనవసరం లేదు. వానకూ ఆల్చిప్పకూ సంబంధం ఉందని వారు పట్టుకున్నారు. ఆ సంబంధం ముత్యంతో కాదు, ఆల్చిప్ప సంతానంతో అని తేల్చడానికి మాత్రం శాస్త్రానికి చాలాకాలం పట్టింది.

భారతదేశపు చెరువుల్లో, కుంటల్లో, మందంగా పారే ఏళ్ళలో ఎక్కువగా కనిపించే ఆల్చిప్పకు లామెల్లిడెన్స్ మార్జినాలిస్ అని శాస్త్రీయ నామం. ఫ్రెంచి ప్రకృతి శాస్త్రజ్ఞుడు లామార్క్ దీనిని 1819లో వర్ణించాడు. దీనితోపాటు పర్రేసియా అనే ప్రజాతికి చెందిన పొట్టి, మందపాటి గుల్లలు కూడ మన నీళ్ళలో ఉన్నాయి. రెండు తలుపులు, వాటిని కలిపే బందు, తలుపులను బిగించి మూసే కండరాలు, బురదలోకి దిగబడడానికి గొడ్డలి ఆకారపు పాదం, ఇరుప్రక్కలా మొప్పలు - ఇదీ దాని శరీరం. తల లేదు, కళ్ళు లేవు. వెనుక కొస నుండి ఒక ద్వారం గుండా నీటిని లోపలికి పీల్చి, మొప్పలతో వడగట్టి, అందులోని శైవలాలను, సూక్ష్మజీవులను, కుళ్ళిన ఆకుల తునకలను తిని, శుభ్రపడిన నీటిని మరొక ద్వారం గుండా వదులుతుంది. జీతం లేకుండా పగలూ రాత్రీ చెరువును వడగట్టే పని అది.

ఈ విధంగా ఒకచోట కూర్చుండే ప్రాణికి సంతానం విషయంలో రెండు చిక్కులున్నాయి. మొదటిది, ఆడ మగ కలుసుకోవడం. లామెల్లిడెన్స్‌లో ఆడ జీవులు వేరు, మగ జీవులు వేరు. పైకి చూస్తే గుర్తించడం కష్టం. మగ ఆల్చిప్ప శుక్రకణాలను నీటిలోకి వదలి ఊరకుంటుంది. దాపున ఉన్న ఆడ ఆల్చిప్ప ఊపిరికోసం, తిండికోసం పీల్చే నీటితోపాటే అవి లోపలికి చేరుతాయి. అప్పటికే దాని అండాలు అండాశయం నుండి వెలువడి మొప్పల్లోని సన్నని నీటిగదులలోకి వచ్చి ఉంటాయి. అక్కడే ఫలదీకరణం జరుగుతుంది. అంటే ఊపిరి పీల్చే మొప్పే తల్లి గర్భంగా మారుతుంది. కొన్ని ప్రజాతుల్లో వెలుపలి మొప్పలు మాత్రమే ఇందుకు ఉపయోగపడతాయి. మరికొన్నింటిలో నాలుగు మొప్పలూ పిల్లలతో నిండుతాయి. ఆ రోజుల్లో ఆల్చిప్పను విప్పి చూస్తే, పలుచగా ఉండవలసిన మొప్పలు దిండ్లలాగా ఉబ్బి కనిపిస్తాయి. ఆడ మగలు ఒకరికొకరు దూరమై చెదరిపోతే శుక్రకణాలు నీటిలో పలచబడి వ్యర్థమవుతాయి. అందుచేత ఆల్చిప్పలకు గుంపుగా బ్రతకడం విలాసం కాదు, అవసరం.

రెండవ చిక్కు ఇంతకంటె పెద్దది. నది ఎప్పుడూ పల్లానికే పారుతుంది. పిల్లలను నీటిలో వదిలేస్తే ప్రవాహం వాటిని క్రిందికి, ఇంకా క్రిందికి తీసుకుపోయి చివరకు సముద్రంలో కలుపుతుంది. ఉప్పునీటిలో అవి బ్రతకవు. నడవలేని తల్లి, ఈదలేని పిల్లలు - అయినా కొండ దాపున ఉన్న వాగుల్లో కూడ ఆల్చిప్పలు ఎలా ఉన్నాయి? ఎగువకు వాటిని ఎవరు తీసుకువెళ్ళారు? సమాధానం : చేపలు.

తల్లి మొప్పల్లో పెరిగే డింభకానికి గ్లోకిడియం అని పేరు. పరిమాణంలో మిల్లీమీటరులో కొద్ది భాగమే. అప్పటికే దానికి రెండు బుల్లి తలుపులు, వాటిని చప్పున మూసే ఒక కండరం ఉంటాయి. కొన్ని జాతుల డింభకాలకు తలుపుల కొనలయందు కొక్కేలు, మరికొన్నింటికి జిగురు దారం కూడ ఉంటాయి. తల్లి వీటిని నీటిలోకి వదిలిన తరువాత వాటికి మిగిలే గడువు కొద్ది రోజులే. ఆ గడువులో చేప తగిలితే, గ్లోకిడియం తన తలుపులను దాని రెక్కమీదనో మొప్పమీదనో టక్కున మూసి పట్టుకుంటుంది. గాయం మాన్పుకొనేందుకు చేప చర్మం దాని చుట్టూ ఎదిగి తిత్తిలాగా కప్పివేస్తుంది. ఆ తిత్తిలో కొద్ది రోజులో, కొన్ని వారాలో, చల్లని దేశాల్లో నెలల తరబడియో గ్లోకిడియం ఉండి, తన దేహాన్ని పూర్తిగా మార్చుకొని, పాదం మొలిచాక తిత్తిని చీల్చుకొని అడుగున బురదలోకి రాలిపడుతుంది. ఈలోగా చేప ఎంత దూరం ఎదురీదితే ఆల్చిప్ప అంత దూరం ప్రయాణం చేసినట్లు. మామూలుగా చేపకు దీనివల్ల పెద్ద హాని ఉండదు.

ఈ సంగతి బయటపడిన చరిత్ర కూడ పిల్లలకు చెప్పదగ్గది. సూక్ష్మదర్శినితో ప్రసిద్ధుడైన డచ్చి పరిశీలకుడు లీవెన్‌హుక్ 1695లో ఆల్చిప్ప కడుపులోని పిండాలు తమ పొరలో గిరగిర తిరగడం చూశాడు. ఆయన, ఆయన కుమార్తె, బొమ్మలు చెక్కే పనివాడు కలిసి రెండు గంటలసేపు రెప్పవాల్చక ఆ దృశ్యాన్ని చూశారట. నూరేళ్ళ తరువాత, 1797లో, రాత్కే అనే శాస్త్రజ్ఞుడు ఇవి ఆల్చిప్ప పిల్లలు కావనీ, ఆల్చిప్పను పట్టి పీడించే పరాన్నజీవులనీ భావించి, గ్లోకిడియం పారాసిటికం అని పేరు పెట్టాడు. బిడ్డను చూసి శత్రువనుకోవడమన్నమాట! 1832లో కారూస్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు ఇవి నిజంగా ఆల్చిప్ప డింభకాలేనని నిరూపించాడు. 1866లో లైడిగ్ వాటిని చేపల శరీరం మీద గుర్తించడంతో కథ పూర్తయింది. పొరపాటుగా పుట్టిన పేరు మాత్రం అలాగే నిలిచిపోయింది. తమాషా ఏమంటే, రాత్కే చెప్పిన పరాన్నజీవి అన్న మాట తల్లి విషయంలో తప్పే గాని, చేప విషయంలో ఒప్పే.

ఇక ఋతువుల మాట. గ్లోకిడియానికి ఉన్న గడువు కొద్దిరోజులే కనుక, చేప దగ్గరలో లేని కాలంలో విడుదలైతే మొత్తం సంతతి నాశనమవుతుంది. ఒక తల్లి ఒక్క ఋతువులో వేలు మొదలు లక్షల దాకా, కొన్ని జాతుల్లో అంతకు మించి డింభకాలను కంటుంది. వాటిలో చేపను చేరేవి ఏ కొద్దియో. కాబట్టి ఎప్పుడు కనాలన్నదే ఆల్చిప్ప జీవితంలో అన్నిటికంటె పెద్ద నిర్ణయం. మెదడు లేని ఆ జీవి తరఫున నీటి వేడిమి, పగటి నిడివి, ఆహార సమృద్ధి, ప్రవాహ వేగం కలిసి ఆ నిర్ణయం చేస్తాయి.

చలిదేశాల ఆల్చిప్పలు రెండు పద్ధతులు అవలంబిస్తాయి. కొన్ని వసంతంలో గర్భం ధరించి ఆ వేసవిలోనే డింభకాలను వదిలివేస్తాయి. వీటిది స్వల్పకాల పోషణ. మరికొన్ని వేసవి చివర గర్భం ధరించి, మంచుకాలమంతా డింభకాలను మొప్పల్లోనే దాచుకొని, మరుసటి వసంతంలో చేపలు చురుకుగా తిరిగే వేళకు వదులుతాయి. వీటిది దీర్ఘకాల పోషణ. ఐరోపా ఏళ్ళలోని ముత్యపు ఆల్చిప్పది మరొక దారి. అది వేసవి చివర డింభకాలను వదిలితే, అవి సాల్మన్, ట్రౌట్ చేపల మొప్పల్లో శీతకాలమంతా గడిపి మరుసటి వేసవి మొదట రాలిపడతాయి. అమెరికాలోని లాంప్సిలిస్ ప్రజాతిది అన్నిటికంటె విచిత్రమైన ఉపాయం. తల్లి తన ప్రావారపు అంచును కన్ను, తోక ఉన్న చిన్న చేపలాగా సాచి నీటిలో ఆడిస్తుంది. అది ఎర అనుకొని పెద్ద చేప నోరు పెట్టగానే దాని ముఖాన వేలాది డింభకాలను చిమ్ముతుంది. కళ్ళు లేని ప్రాణి చేపబొమ్మను ప్రదర్శించడం ప్రకృతిలోని అద్భుతాలలో ఒకటి.

మన దేశంలో చాలా ప్రాంతాల్లో మంచు కురవదు. ఋతువును శాసించేది వాన. లామెల్లిడెన్స్‌లో గర్భం ధరించిన తల్లులు సంవత్సరంలో అనేక మాసాల్లో కనిపించినా, ఆ ఉద్ధృతి వానకాలంతోను, దాని వెనువెంట వచ్చే మాసాలతోను ముడిపడి ఉన్నట్లు పలు పరిశీలనలు తెలుపుతున్నాయి. ప్రాంతాన్ని బట్టి, చెరువును బట్టి నెలలు మారుతాయి. కారణం ఊహించడం కష్టం కాదు. రోహిణి కార్తె ఎండలకు చెరువు అట్టడుగుకు చేరుతుంది. ఆల్చిప్ప బురదలోకి దిగి, తలుపులు బిగించుకొని, కూడబెట్టుకొన్న శక్తితో కొంతకాలం నెట్టుకొస్తుంది. మృగశిర వచ్చి తొలకరి పడితే నీరు చల్లబడుతుంది. పొలాల మీదుగా వచ్చిన నీటితో చెరువులో సూక్ష్మజీవులు పెరుగుతాయి. అన్నిటికీ మించి, వాగులు పొంగి, ఒక చెరువు అలుగు పారి మరొక చెరువును కలుపుతుంది. అదే అదనుగా చేపలు ఎదురెక్కుతాయి. శీలావతి, బొచ్చె, ఎర్రమోసు వంటి చేపలు నదుల్లో గుడ్లు పెట్టేది కూడ ఈ వరదల కాలంలోనే. చేపలు కదిలే కాలంలో కన్న ఆల్చిప్ప సంతానం చెరువు నుండి చెరువుకు ప్రయాణించగలదు.

ఈ బంధం తెగితే ఏమవుతుందో తెలుసుకోవడానికి అమెరికాలోని మిసిసిపీ నది కథ వినాలి. 1891లో బోపెల్ అనే జర్మన్ పనివాడు ఐయోవా రాష్ట్రంలోని మస్కటీన్ పట్టణంలో నది ఆల్చిప్పలతో చొక్కా గుండీలు చేసే పని మొదలుపెట్టాడు. పదునాలుగేళ్ళు గడిచేసరికి, 1905లో, ఆ ఒక్క పట్టణం 150 కోట్ల గుండీలు తయారు చేసింది. నదీగర్భంలో తరతరాలుగా పేరుకొన్న ఆల్చిప్పలను టన్నుల కొలది తవ్వి తీశారు. తరిగిపోతున్నాయని గ్రహించాక ప్రభుత్వం ఫెయిర్‌పోర్ట్ అనే చోట పరిశోధనా కేంద్రం ఏర్పాటు చేసింది. లెఫెవర్, కర్టిస్ అనే శాస్త్రజ్ఞులు చేపలను గ్లోకిడియాలున్న నీటిలో ఉంచి, అవి పట్టుకొన్నాక నదిలో వదిలే పద్ధతిని రూపొందించారు.

అప్పుడు మరొక పాఠం బయటపడింది. గుండీలకు ప్రాణమైన ఎబొనీ అనే నల్ల ఆల్చిప్ప డింభకాలకు ఏ చేప అయినా పనికిరాదు. స్కిప్‌జాక్ హెర్రింగ్ అనే ఒక్క వలసచేపతోనే దాని జీవితం ముడిపడి ఉంది. తగని చేప మీద పడిన డింభకాన్ని ఆ చేప రోగనిరోధక శక్తి కొద్దిరోజుల్లో త్రోసివేస్తుంది. 1913లో కియోకక్ వద్ద మిసిసిపీకి అడ్డంగా ఆనకట్ట పూర్తయింది. దిగువ నుండి రావలసిన హెర్రింగ్ చేపకు ఎగువ దారి మూసుకుపోయింది. ఎగువనున్న నల్ల ఆల్చిప్పలు ఆ మరునాడేమీ చచ్చిపోలేదు. ఏండ్ల తరబడి నీటిని వడగడుతూనే ఉన్నాయి. ఋతువు రాగానే గర్భం ధరిస్తూనే ఉన్నాయి. డింభకాలను వదులుతూనే ఉన్నాయి. పట్టుకొనేందుకు చేపే లేదు. పాతవి ఒకటొకటిగా ముసలివై రాలిపోయాయి. ఎగువ మిసిసిపీలో ఒకనాడు రాశులుగా ఉన్న ఆ జాతి దాదాపు అంతరించిపోయింది.

ఐరోపాలోనూ ఇటువంటి ఏళ్ళు అనేకం. అక్కడి ముత్యపు ఆల్చిప్ప నూరేళ్ళకు పైగా బ్రతుకుతుంది. పైకి చూస్తే ఏటి అడుగున పెద్దపెద్ద గుల్లలు బారులుతీరి ఆరోగ్యంగా కనిపిస్తాయి. దగ్గరగా వెదికితే పిల్ల గుల్ల ఒక్కటీ కనబడదు. కొన్నిచోట్ల సాల్మన్, ట్రౌట్ తగ్గిపోయాయి. మరికొన్నిచోట్ల చేపలున్నా, పొలాల నుండి కొట్టుకువచ్చిన మెత్తని మట్టి ఏటి ఇసుకను కప్పివేయడంతో, చేప నుండి రాలిన పిల్లలు ఊపిరాడక చనిపోతున్నాయి. దీర్ఘాయుష్షు ఉన్న జీవికి వచ్చే ప్రమాదం ఇది : నశించడం మొదలై ఎన్నో ఏళ్ళయినా, చూసేవారికి ఆ సంగతి తెలియదు.

మన దేశంలో ఈ జీవుల అధ్యయనం చిన్నదేమీ కాదు. 1918లోనే బైని ప్రసాద్ కలకత్తాలోని ఇండియన్ మ్యూజియం పత్రికలో భారతీయ ఆల్చిప్పల గర్భధారణను, గ్లోకిడియాన్ని వర్ణించారు. 1989లో జువలాజికల్ సర్వే తరఫున ఎన్.వి.సుబ్బారావు భారతదేశపు మంచినీటి గుల్లజీవులన్నిటినీ వివరిస్తూ కరదీపిక ప్రచురించారు. ఒడిశాలో భువనేశ్వరం వద్దనున్న కేంద్రీయ మంచినీటి జలజీవ పరిశోధన సంస్థలో 1987 నుండి మంచినీటి ముత్యాల పెంపకం మీద కృషి జరిగింది. అందుకు వాడినవి సామాన్యమైన మన చెరువు ఆల్చిప్పలే. స్వాతి చినుకు చేయలేని పని సన్నని కత్తి, చిన్న ప్రావారపు ముక్క చేస్తాయని ఆ కృషి చూపింది.

అయితే ముత్యం ఇచ్చే తల్లిని పెంచాలంటే దాని ఋతువును కాపాడాలి. చేపల పెంపకం కోసం చెరువును పూర్తిగా ఎండగట్టడం, ఇప్పపిండి వంటివి చల్లి ఉన్న చిన్న చేపలన్నిటినీ చంపి, బయటి నుండి తెచ్చిన పిల్లలను వదలడం మన ప్రాంతాల్లో సర్వసాధారణం. చెరువు నుండి చెరువుకు ఉన్న కాలువలు పూడిపోయాయి. అలుగులకు అడ్డంగా కట్టడాలు లేచాయి. వానకాలంలో చేప కదలడానికి దారి లేకపోతే ఆల్చిప్ప సంతానానికీ దారి లేదు. చెరువు మధ్య వేసవిలో ఎండని ఒక మడుగు మిగల్చడం, నాటు చేపలను కొన్నింటినయినా బ్రతకనివ్వడం, మొప్పలు నిండిన మాసాల్లో గుల్లలను ఏరకుండా ఉండడం - ఇవి ఖర్చులేని పనులు.

ఈ పాఠశాల విద్యార్థులకు కూడ ఇందులో పని ఉంది. దానికి ప్రయోగశాల అక్కరలేదు, ఏ ప్రాణినీ కోయనక్కరలేదు. ఏడాదికి ఒకసారి, వేసవిలో నీరు తగ్గినప్పుడు, ఉపాధ్యాయుల వెంట చెరువు గట్టుకు వెళ్ళి, ఒక గజం చదరంలో దొరికిన ఆల్చిప్పలను కొలబద్దతో కొలిచి, నోటుపుస్తకంలో వ్రాసి, తిరిగి బురదలోనే ఉంచాలి. పెద్దవెన్ని, చిన్నవెన్ని? బొటనవ్రేలి గోరంత గుల్లలు కనిపించాయా? వరుసగా అయిదారేళ్ళు వ్రాసిన ఆ పుస్తకం, ఆ చెరువు బ్రతికి ఉందా లేక పాత బలంతో నెట్టుకొస్తోందా అన్నది చెప్పగలదు. చిన్న గుల్లలు కనబడకపోతే పెద్ద గుల్లల సంఖ్య చూసి సంతోషించడానికి లేదు.

ఇతర రాష్ట్రాలలో తెలుగు మాధ్యమంలో బోధించే పాఠశాలల పెద్దలకు ఈ లెక్క కొత్తది కాదు. జూబిలీ సభలకు వచ్చే పూర్వ విద్యార్థుల సంఖ్య, వారు అందుకొన్న పదవులు, వారి విరాళాలు గర్వకారణమే. కాని జూన్ నెలలో ఒకటవ తరగతి హాజరుపట్టీలో ఎన్ని కొత్త పేర్లు చేరాయన్నదే పాఠశాల ఆయుష్షును తెలిపే లెక్క. చేరడానికి బిడ్డలున్నా, వారిని ఇంటి నుండి బడి దాకా, బడి నుండి పై చదువు దాకా చేర్చే దారి మూసుకుపోతే ఫలితం కియోకక్ ఆనకట్ట ఎగువన జరిగినదే. ఆ దారిని ఇంతకాలం తెరచి ఉంచినవారు ఇక్కడి ఉపాధ్యాయులు, ఇంట తెలుగు మాట్లాడుతూ బిడ్డలను ఈ బడికే పంపిన తల్లిదండ్రులు. వచ్చే జూన్‌లో తొలకరితోపాటు బడి గడప దాటే చిన్నారులకు స్వాగతం పలకడానికి ఈ సభలోని వారందరూ సిద్ధంగా ఉండాలి.